హిసానో తెచ్చిన మనిషి

హినాకుబొ పేట సంఘంలో ఆరో వరస ఇళ్ళకి పెద్దగా ఉండే కన్నా ఆ వరసలో ఎవరింట్లోనో కుక్కగా పుట్టడం మేలని కువబారా హిసానో అనుకోని రోజు లేదు. కుక్కనైతే పొద్దునా సాయంత్రం ముద్దు చేసి షికారు తిప్పుతారు. వరస పెద్ద గుమ్మంలో కనబడితే మాత్రం టీవీ గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరూ లేనట్టు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటారు.

పెద్ద అని పేరే గానీ అది ఒట్టి ఊడిగం. సంఘం కబుర్లు పెట్టిన అట్ట ఇంటింటికీ తిరుగుతుంది. అది ఏ ఇంట్లో ఆగిపోతే ఆ ఇంటికి వెళ్ళి బతిమాలి కదిలించాలి. వసంతంలో కాలవల పూడిక తీయడానికీ, వేసవిలో ఉత్సవ పల్లకీ మోయడానికీ మనుషుల్ని ఇళ్ళలోంచి లాక్కురావాలి. ఎవరైనా పోతే నల్లబట్టలు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి వంగి వంగి నడుం పోగొట్టుకోవాలి. అన్నిటికన్నా పాడు పని చెత్తది. వీధి చివర జాలీ పంజరంలో అందరూ చెత్త సంచులు పెడతారు. ఒక రోజు పెట్టాల్సింది ఇంకో రోజు పెడితే మునిసిపాలిటీ బండివాడు దాని మీద ఎర్ర చీటీ అంటించి వదిలేసి పోతాడు. అప్పుడు వరస పెద్ద తొడుగులు వేసుకుని, ఆ సంచీ విప్పి, లోపలి డబ్బాల్నీ కాగితాల్నీ బట్టి అది ఎవరిదో కనిపెట్టి, వాళ్ళ గుమ్మంలో పెట్టి రావాలి. ఆ విధంగా ఆ వరసలో ఎవరు చాటుగా తాగుతారో, ఎవరు పెళ్ళాం కట్టిచ్చిన డబ్బాలో అన్నం ముట్టకుండా పారేస్తారో హిసానోకి తెలుసు. ఆమెకి తెలుసని వాళ్ళకీ తెలుసు. అందుకే ఆమెని చూస్తే వీధి మొత్తానికి ఒళ్ళుమంట.

అలాంటప్పుడు దిగిపోవచ్చు కదా అంటే, దానికి ఆ పేటలో ఒకటే దారి. దిగిపోయేవాళ్ళు తమ చోట నిలబడే మనిషిని తామే తేవాలి. మార్చిలో సంఘం భవనంలో సర్వసభ్య సమావేశం జరుగుతుంది. పాత పెద్ద, కొత్త పెద్ద పక్కపక్కన నిలబడి సభకి ఒకేసారి వంగుతారు. సభ చప్పట్లు కొడుతుంది. అంతే, పని చేతులు మారినట్టే. సంతకాలు లేవు, ప్రమాణాలు లేవు. ఆ వంగడాన్ని వెనక్కి తీసుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరు. కొత్తగా వచ్చిన మనిషి ఏడాది తిరక్కుండా వదిలేసి పోతే, ఆ బరువు మళ్ళీ తెచ్చినవాళ్ళ నెత్తినే పడుతుంది. ఒకసారి ఏడాది గడిచిందా, ఇక తెచ్చినవాళ్ళకి సంబంధం లేదు.

హిసానోని తెచ్చింది నెజు ముసలాయన. ఆమె భర్త సకుజో పోయి ఇంకా నలభై తొమ్మిదో రోజు కర్మ కూడా కాలేదు. నెజు వచ్చి అగరుబత్తి వెలిగించి, కళ్ళు తుడుచుకుని, సకుజో గుణగణాలు చెప్పి, మధ్యలో ఈ సంగతి అడిగాడు. దుఃఖంలో ఉన్న మనిషి దేనికైనా తలూపుతుంది. అలా ఊపిన తల పదేళ్ళు దాటినా ఇంకా దించలేకపోతోంది. నెజుకిప్పుడు తొంభై దగ్గర పడుతున్నా, గుమ్మంలో కుర్చీ వేసుకుని ఎండకి కూర్చుని, చెత్త సంచీతో వెళ్తున్న హిసానోని చూసి పళ్ళు లేని నోటితో నవ్వుతాడు.

అన్నీ వదిలేసి పోకుండా ఆమెని కట్టిపడేసింది సకుజో సమాధి. పేట వెనక కొండవాలున ఉన్న సమాధుల నేల సంఘానిది. ఏ వరస సమాధుల్ని ఆ వరస పెద్దే కనిపెట్టుకుని ఉండాలి. పని చేతిలో ఉంచుకుని పేట విడిచిపోతే ఆ ఇంటి సమాధిని దిక్కులేనిదిగా లెక్కకట్టి, రాయి పీకేసి, అస్థికల్ని తీసి అందరివీ కలిపేసే గుంటలో పోస్తారు. సంఘం అధ్యక్షుడు మికోషిబా గారు ఈ సంగతిని ఎప్పుడూ బెదిరింపుగా అనడు. ఆయనది మెత్తని గొంతు, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన గొంతు.

"సకుజో గారు కొండమీద చల్లగా పడుకున్నారు. పడుకోనిద్దామండి," అంటాడు.

ఇలా ఉండగా సముద్రం ఒడ్డున ఉండే చెల్లెలు మిత్సుయో ఫోన్ చేసింది. తన భర్త పోయాడు, ఇల్లు పెద్దది, ఎండుచేపల కొట్టు ఒక్కర్తే చూసుకోలేకపోతోంది, అక్కా నువ్వొచ్చేయ్ అంది. ఇద్దరం ముసలివాళ్ళం, ఒకరు పడితే ఒకరు లేపుకోవచ్చు అంది. హిసానో ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి ఏడ్చింది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో తనని రమ్మని పిలిచే ఇల్లు ఒకటుందని తెలియడం ఆమెకి అంత గట్టిగా తగిలింది. ఆ రోజునుంచీ ఆమెకి ఒకటే ధ్యాస. వచ్చే మార్చికల్లా తన పక్కన నిలబడి వంగే మనిషి కావాలి.

ముందు వీధిలో ఉన్నవాళ్ళనే అడిగింది. ఒకామెకి మోకాళ్ళు, ఒకాయనకి గుండె. పెరట్లో ముల్లంగి తవ్వుతూనే నడుం నొప్పని చెప్పింది ఇంకొకామె. కుర్రజంటలు పిల్లల చదువులన్నారు; పిల్లల్లేని జంట పిల్లల కోసం ప్రయత్నిస్తున్నామని చెప్పి హిసానోనే సిగ్గుపడేలా చేశారు. మూలింటాయన మాత్రం నిజం చెప్పాడు. మీరు చేసే పని చూశాక అది ఎవరు చేస్తారండీ అన్నాడు, చాలా గౌరవంగా, తలుపు వేసేస్తూ.

ఆ శరత్కాలంలోనే ఎనోకి చినాత్సు వచ్చింది.

నెజు ఇంటికి ఎదురుగా ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న అద్దె ఇంట్లో దిగింది. నలభై దాటలేదు. పెళ్ళి విడిపోయింది, పిల్లలు లేరు, ఏదో కంపెనీకి ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు చూస్తుంది. వచ్చిన వారంలోనే మికోషిబా గారు స్వయంగా వెళ్ళి సంఘంలో చేరమన్నాడు. ఆమె మర్యాదగానే, ఎన్నాళ్ళుంటానో తెలియదు, ఇప్పుడే వద్దండి అంది. మికోషిబా గారు అంతకన్నా మర్యాదగా, మీ ఇష్టం అన్నాడు. వెనక్కి వస్తూ హిసానో గుమ్మంలో ఆగి, సభ్యులు కానివాళ్ళ చెత్త పంజరంలో పడకుండా చూడండి అని చెప్పి వెళ్ళాడు.

మర్నాడు చినాత్సు పెట్టిన సంచీ సాయంత్రానికి ఆమె గుమ్మంలోనే ఉంది. తెచ్చి పెట్టింది హిసానోయే. రెండోసారీ అదే జరిగింది. మూడోసారి నుంచి ఆ పిల్ల సంచుల్ని కారులో వేసుకుని ఊరవతల చెత్త కాల్చే చోటికి తానే తీసుకుపోయేది. ఎదురైతే ఎవరూ పలకరించేవారు కాదు. ఆమె పలకరిస్తే తలూపేవారు. తలూపడానికి ఖర్చు లేదు కదా. కబురు అట్ట ఆమె ఇంటిని దాటేసి పోయేది కాబట్టి, నీటి గొట్టాలు బాగుచేస్తున్నారని తెలియక ఒక రోజంతా చుక్క నీళ్ళు లేకుండా ఉంది. నెజు ఆ సంగతి చెప్పుకుని పగలబడి నవ్వాడు. వీధి కూడా నవ్వింది.

హిసానో నవ్వలేదు. చినాత్సు ఇంటి కిటికీ వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. ఒంటరిది, లెక్కలొచ్చినది, ఒంట్లో సత్తువున్నది, ఈ పేట పద్ధతులు బొత్తిగా తెలియనిది. చేపల బజారులో తాజా సరుకు కంటబడ్డ ఇల్లాలిలా ఆమె ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రమే మిసో అనే సోయా ముద్ద వేసి ఉడకబెట్టిన ముల్లంగి గిన్నె పట్టుకుని వెళ్ళింది. ఏమీ అడగలేదు. సంఘం ఊసెత్తలేదు. వయసైపోయింది, ఒక్కదానికి సరిపడా కొలిచి వండడం చేతకావడం లేదు, మిగిలింది తిని పెడితే పుణ్యం అంది. మరో రోజు వెళ్ళి, నీ చెత్త నా సంచిలో కలిపేస్తానిలే అమ్మా, ఎవరికీ చెప్పకు అంది. ఆ పిల్ల సంచీ చేతికిస్తూ ఏడవడానికి సిద్ధంగా ఉంది. తన గుమ్మంలో తెచ్చి పడేసిన చేతులు ఇవేనని ఆమెకి తెలియదు. హిసానో తన చేతుల వంక చూసుకోలేదు.

మంచు మొదలయ్యేసరికి చినాత్సు ఆమెని పిన్నిగారూ అని పిలవడం మొదలుపెట్టింది. తల్లితో పడదట, తల్లి ఫోన్ చేస్తే విడాకుల గురించే మాట్లాడుతుందట. హిసానో వింటూ ఊఁ కొట్టేది. దుప్పటి కప్పి అడుగున వేడి పెట్టే కొటాట్సు బల్ల కింద ఇద్దరూ కాళ్ళు పెట్టుకుని నారింజలు ఒలుచుకునేవారు. చినాత్సు పైన తెల్లపొర కూడా తీసి, తొనలు ఆమె ముందు పేర్చేది. సకుజో బతికుండగా కూడా హిసానోకి ఎవరూ నారింజ ఒలిచి పెట్టలేదు. ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. హిసానో నటించడం లేదు. ఆ పిల్ల గుమ్మంలో చెప్పుల చప్పుడు కోసం మధ్యాహ్నం నుంచే చెవులు రిక్కించుకుని కూర్చునేది. ప్రేమ ప్రేమే, పని పనే అన్నట్టు రెంటినీ రెండు అరల్లో పెట్టుకుంది. అలా పెట్టుకోగలిగే మనుషులే అసలు భయంకరులు.

జనవరిలో చినాత్సు తానే అడిగింది, సంఘంలో చేరితే పిన్నిగారికి సాయంగా ఉంటుందా అని. హిసానో కాసేపు వద్దులే అని, తర్వాత సరేలే అంది. చేరాక ఆ పిల్ల ఉత్సాహం చూడాలి. కాలవ దగ్గర మంచు తోసింది. అట్ట ఎక్కడ ఆగిందో తెలిసేలా ఫోన్లో ఏదో ఏర్పాటు చేసింది. ముసలివాళ్ళందరినీ నెలకోసారి కూర్చోబెట్టి టీ ఇద్దాం, అప్పుడు వాళ్ళే బయటికొస్తారు, లాక్కురానక్కర్లేదు అంది. వీధివాళ్ళు కళ్ళతో ఆమెని తూచి చూశారు. వరస పెద్దకి కావలసినవన్నీ ఉన్నాయని లోలోపల అందరూ సంతోషించారు, ఎవరూ పైకి అనలేదు. హిసానో ఏం చేస్తోందో వీధి మొత్తానికి తెలుసు. ఒక్కరూ ఆ పిల్లకి చెప్పలేదు. చెబితే ఆ పని తమ మీద పడుతుందేమోనని.

సమావేశం దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం హిసానో చెప్పేద్దామనే అనుకుంది. చినాత్సు నేల మీద కూర్చుని ఆమె కాలిగోళ్ళు తీస్తోంది, నడుం వంగడం లేదని. ఇదిగో అమ్మా, ఒక సంగతి అని మొదలుపెట్టింది. పిల్ల తలెత్తి చూసింది. ఆ ముఖంలో కాదనే అవకాశం ఒక పిసరంత కనిపించింది, లేదా కనిపించిందని హిసానో అనుకుంది. మిత్సుయో మేడమీద గది తుడిపించి పెట్టింది. సమాధి కొండమీద ఉంది.

"మార్చిలో సమావేశం ఉంది. కొత్తగా చేరినవాళ్ళని చూస్తామంటారు. నా పక్కన నిలబడి, నేను వంగినప్పుడు నువ్వూ వంగు, చాలు," అంది.

"అంతేనా పిన్నిగారూ? కొత్త కోటు వేసుకుంటాను," అంది చినాత్సు.

కొత్త కోటు వేసుకునే వచ్చింది. సంఘం భవనంలో కిరసనాయిలు పొయ్యి వాసన, చాపల మీద అన్ని వరసల జనం, ముందు బల్ల వెనక మికోషిబా గారు. ఆరో వరస అని పిలిచాడు. ఇద్దరూ లేచి నిలబడ్డారు. గదిలో దగ్గులు ఆగిపోయాయి. హిసానో వంగింది. పక్కన బట్టల సవ్వడి వినిపించింది. ఆ పిల్ల తనకన్నా లోతుగా వంగింది. చప్పట్లు మోగాయి. నెజు చేత్తో చాపని కొట్టాడు. పైకి లేచిన చినాత్సు నవ్వుతూ అందరికీ మళ్ళీ వంగింది, ఇంత ఆదరిస్తారనుకోలేదన్నట్టు. ఆ రెండోసారి వంగడం చూసి వెనక ఎవరో పక్కున నవ్వారు.

మికోషిబా గారు ఆమె చేతిలో పంజరం తాళం పెట్టి, చాలా సంతోషం, మీలాంటి చదువుకున్నవాళ్ళు వరస పెద్దగా రావడం మా అదృష్టం అన్నాడు. ఆమె తాళం వైపు చూసింది, ఆయన వైపు చూసింది, చివరికి హిసానో వైపు తిరిగింది.

"పిన్నిగారూ, ఈయనేమంటున్నారు?"

హిసానో చెప్పుల కోసం వెతుక్కుంటోంది. జవాబు మికోషిబా గారే ఇచ్చాడు, మెత్తగా, పద్ధతి మొదటినుంచి చివరిదాకా, ఏడాది సంగతితో సహా. వినేవాళ్ళు టీ తాగుతూ విన్నారు.

ఆ మర్నాటి నుంచి వీధి తన అసలు ముఖం చూపించింది. ఇన్నాళ్ళూ తలూపినవాళ్ళు ఇప్పుడు తలుపు తట్టారు. కాలవ కంపు కొడుతోందని ఒకరు, పక్కింటి చెట్టు ఆకులు తమ వాకిట్లో రాలుతున్నాయని ఒకరు, మీరు ఫోన్లో పెట్టిన ఏర్పాటు మాకు తెలియదు, అట్ట చేత్తో పట్టుకుని రండి అని ఇంకొకరు. టీ సభకి ఒక్కరూ రాలేదు. ఆమె ఇంట్లో వండిన చిరుతిళ్ళన్నీ అలాగే మిగిలిపోయాయి. చెత్త సంచీ మీద ఎర్ర చీటీ పడితే, దాన్ని విప్పుతున్నంతసేపూ నెజు కుర్చీలోంచి, ఇంకా లోపల చూడమ్మా, అడుగున ఉంటుంది అసలు సరుకు అని సలహాలిచ్చాడు. ఆ సంచీ నెజుదేనని తర్వాత తేలింది. కావాలనే పెట్టాడు. కొత్త పెద్దని ఒకసారి అలా పరీక్షించడం ఆయనకి అలవాటు.

హిసానో ఇదంతా కర్టెన్ సందులోంచి చూస్తూ పెట్టెలు సర్దుకుంది. చినాత్సు తలుపు తడితే తియ్యలేదు. వాన్ వచ్చే రోజు మాత్రం తలుపు తీసి ఉంచక తప్పలేదు. సామాను సగం ఎక్కాక చినాత్సు లోపలికి వచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. చేతులు చలికి పగిలి ఉన్నాయి. ఆమె తిడుతుందని, కాదంటే ఏడుస్తుందని హిసానో అనుకుంది. రెంటికీ సమాధానాలు తయారుగా పెట్టుకుంది.

"నన్ను అడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని. మీరు వెళ్ళాలంటే నేనెందుకు కాదంటాను?" అంది చినాత్సు.

హిసానో మడిచి పెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడిచింది.

"నేను ఈ వారమే ఇల్లు ఖాళీ చేసి పోగలను. పోతే ఇది మళ్ళీ మీ మీద పడుతుందట, సమాధి కూడా ఉండదట. అన్నీ కనుక్కున్నాను. మీరే చెప్పండి. పొమ్మంటే పోతాను, ఉండమంటే ఉంటాను. ఈ పేటలో నాకు మాట్లాడడానికి ఇంకెవరున్నారు?"

వాన్ డ్రైవర్ బయట నుంచి బీరువా కూడా ఎక్కించాలా అని కేకేశాడు. ఆ పిల్ల కాళ్ళ మీద పడి ఏడవాలని హిసానోకి నిజంగానే అనిపించింది. పో తల్లీ, ఈ మనుషుల మధ్యలోంచి పారిపో, నా మొగుడి ఎముకలు ఏ గుంటలో పడితే నాకేంటి అనాలనిపించింది.

"ఉండు," అంది. "ఒక్క ఏడాదే కదా."

చినాత్సు లేచి, గుమ్మంలో నిలబడి, సభలో వంగినంత లోతుగా వంగి వెళ్ళిపోయింది. హిసానో డ్రైవర్‌తో బీరువా కూడా ఎక్కించమని చెప్పింది.

సముద్రం ఒడ్డున ఆమెకి బాగానే జరిగింది. చెడ్డపని చేసినవాళ్ళకి నిద్ర పట్టదని ఎవరన్నారో గానీ హిసానోకి మొదటి రోజు నుంచే హాయిగా పట్టింది. పొద్దున్నే చేపలు ఎండబెట్టడం, మధ్యాహ్నం కొట్లో కూర్చోవడం, సాయంత్రం చెల్లెలితో పాత కబుర్లు. ఆ ఇంట్లో మిత్సుయో కూతురు మయుకో కూడా ఉండేది. మొగుడు వదిలేస్తే ఆ చలికాలంలోనే పుట్టింటికి వచ్చింది. బొమ్మలకి బట్టలు కుట్టి అమ్ముకుంటుంది. తల్లికీ కూతురికీ పొద్దున లేస్తే గొడవే. పెద్దమ్మ వచ్చాక మయుకోకి ప్రాణం లేచొచ్చింది. మనసులో మాటలన్నీ ఆమెకే చెప్పుకునేది, పక్క కూడా ఆమె గదిలోనే వేసుకునేది. కూతురంటే ఇలా ఉంటుంది కాబోలని పిల్లల్లేని హిసానో మురిసిపోయింది.

సెప్టెంబరులో సమాధులకి పూలు పెట్టే రోజులొచ్చాయి. సామాను మోస్తానని మయుకో వెంట వచ్చింది. కొండెక్కి చూస్తే సకుజో సమాధి అద్దంలా ఉంది. గడ్డి పీకి ఉంది, రాయి కడిగి ఉంది, గూళ్ళలో పూలు అప్పుడే పెట్టినట్టున్నాయి. చీపురు పట్టుకుని పై వరసలోంచి చినాత్సు దిగి వచ్చింది. చిక్కిపోయింది. నవ్వు మాత్రం ఎక్కడా చెక్కుచెదరకుండా ఉంది, మికోషిబా గారి గొంతంత మెత్తగా.

"కువబారా గారూ, దూరాన్నుంచి వచ్చారు, అలిసిపోయారు," అంది. పిన్నిగారు అన్న పిలుపు లేదు. ఒక్క నిష్ఠూరం లేదు. ఆమెతో అంతకు మించి మాట్లాడలేదు కూడా. మయుకో చేతిలోంచి సంచీ అందుకుంది. మా ఇంటికి వచ్చి టీ తాగి వెళ్ళాలి, ఊరికే రాకండి, ఆకలితో రండి అంది.

చినాత్సు ఇంట్లో మయుకో తన ముందు పెట్టిందంతా తిన్నది, అడగనిదంతా చెప్పుకుంది. మొగుడి సంగతి, తల్లి సంగతి. చినాత్సు ఊఁ కొడుతూ విన్నది, ఏమీ అడగలేదు. పళ్ళు ఒలిచి ముందు పెట్టింది. నాకూ అమ్మతో పడదు అంది. బయల్దేరేటప్పుడు, దారిలో తినండి అని మూట కట్టి ఇచ్చింది. హిసానో చల్లారిన టీ ముందు కూర్చుని ఒక్కొక్క మెట్టే చూసింది. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు వస్తుందో ఈ భూమ్మీద ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. గుమ్మం దాకా వచ్చాక చినాత్సు అసలు మాట అంది, మయుకోతోనే.

"మీ పెద్దమ్మగారి ఇల్లు ఖాళీగానే ఉంది కదా. కొన్నాళ్ళు ఇక్కడుండి చూడండి, పక్కన నేనున్నాను. మీకు నచ్చకపోతే వెళ్ళిపోవచ్చు."

చెప్పడం మయుకోకి చెప్పినా చూపు మాత్రం హిసానో మీద ఉంది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. తోటి పనివాళ్ళని చూసే చూపు అది.

రైలు కదిలాక మయుకో మూట విప్పింది, కాసేపు కిటికీలోంచి చూసింది, తర్వాత పెద్దమ్మ భుజం మీద తల ఆనించింది. అమ్మ పోరు పడలేకపోతున్నాను, ఆ ఇంట్లో ఉంటే మిషను పెట్టుకుని నా పని నేను చేసుకోవచ్చు అంది. హిసానో మనసులో లెక్కలేసుకుంది. వద్దనాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే చేసిందంతా చెప్పాలి, చెబితే మయుకో తల్లికి చెప్పకుండా ఉండదు, మిత్సుయో మేడమీద గది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. అదీగాక మార్చిదాకా ఇంకా నెలలున్నాయి. తన చోటికి మనిషి దొరకదని తెలిస్తే చినాత్సు ఈలోపే అన్నీ వదిలేసి పోవచ్చు. దొరుకుతుందంటే ఆగుతుంది, మార్చిలో పక్కపక్కన నిలబడి వంగుతారు, ఇక ఆ పేటతో హిసానోకి జన్మలో సంబంధం ఉండదు.

"పెద్దమ్మా, నువ్వు అన్నేళ్ళు ఆ వీధిలో ఉన్నదానివి. ఆవిడ మంచిదేనా? నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను," అంది మయుకో.

హిసానో సంచిలో చెయ్యి పెట్టి ఇంటి తాళాలు తీసి మయుకో ఒళ్ళో పెట్టింది.

"మంచిదే," అంది. "ఇంటికి ఎండ కూడా బాగా తగులుతుంది."